యూనివర్సిటీ సాహిత్య ప్రసంగం ఊరి జనానికి అందేలా జరపడం ఎలా

నెల్లూరు, ఒంగోలు వైపు సాహిత్య సభలకు కొదవేం లేదు. తిక్కన పేరు మీద సభ, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, ఫిబ్రవరి 21న మాతృభాషా దినోత్సవం, మధ్యలో సెమినార్లు. ఫ్లెక్సీ కడతారు, జ్యోతి వెలిగిస్తారు, వేదిక మీద తొమ్మిదిమంది కూర్చుంటారు. ప్రధాన వక్తకు మైకు అందేసరికి పన్నెండున్నర అవుతుంది, ఒంటిగంటకు భోజనాలు. వెనక వరసలో ఎవరో ఒకరు "అసలాయన్ని ఎప్పుడు మాట్లాడిస్తారబ్బా" అని పక్కాయన్ని అడుగుతూనే ఉంటారు.

మీరు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలోనో, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయంలోనో, వాటి కింది కాలేజీల్లోనో తెలుగు, చరిత్ర వంటి శాఖల్లో పనిచేస్తూ, బయటివాళ్ళు కూడా వచ్చి వినే ప్రసంగం పెట్టదలచుకుంటే ఈ పద్ధతి పనికొస్తుంది. ఇందులోని ఏర్పాట్లలో సగానికి పైగా ఒక్క దానికోసమే: వక్తకు 50 నిమిషాలు ఎవరూ ముట్టుకోకుండా దక్కాలి.

విషయాన్ని ఇరుకు చెయ్యండి

రెండున్నర నెలల ముందు మొదలుపెట్టండి. ముందు విషయం, తర్వాతే వక్త. పెద్ద పేరున్న వక్త దొరికాడు కదా అని విషయం ఆయనకే వదిలేస్తే "తిక్కన కవితా వైభవం" లాంటి శీర్షిక వస్తుంది. దానికింద ఉభయకవిమిత్రుడు, 15 పర్వాలు, నాటకీయత అని అందరికీ తెలిసిన మాటలే నడుస్తాయి. తప్పు వక్తది కాదు. అంత పెద్ద శీర్షిక ఇచ్చాక ఎవరైనా చేసేది అదే.

సరైన విషయానికి గుర్తు ఒకటుంది. ప్రసంగానికి కావలసిన మూలం మొత్తం ఒక ఏ4 కాగితం రెండు వైపులా పట్టాలి. పట్టకపోతే విషయం ఇంకా తగ్గించాలి.

విరాటపర్వం మొత్తం వద్దు. కీచకుడితో, సుధేష్ణతో, భీముడితో ద్రౌపది మాట్లాడే తీరు మూడు చోట్లా ఎలా మారిందో చూపమనండి. భారతంలో అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో నన్నయ ఆగిన పద్యం శరత్కాలపు రాత్రుల మీద, ఎఱ్ఱన అందుకున్న పద్యం శరత్కాలపు తెల్లవారు జాముల మీద. ఈ రెండు పద్యాలే గంట ప్రసంగానికి సరిపోతాయి. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనంలో తరువోజ పద్యం ఉంది. తొమ్మిదో శతాబ్దపు ఆ పద్యాన్ని పాదం పాదం చదివించినా చాలు. చరిత్ర శాఖవాళ్ళయితే గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ఉంది: ఓడ పగిలిన పరదేశి వర్తకుడి సరుకును రాజు లాక్కోనని మాట ఇచ్చిన శాసనం. పాఠం చిన్నది, మాట్లాడుకోవలసింది చాలా ఉంది.

వక్త ఎప్పుడూ ప్రొఫెసరే కానక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం మీద సభ పెడితే, ఆ రోజుల్లో అక్షరాస్యత బడికి వెళ్ళి, అక్కడి వాచకంలో సారా మీద ఉన్న సీతమ్మ కథ చదివిన మహిళల్ని పిలవడమే సరి. అయితే అలాంటివాళ్ళను పోడియం ముందు నిలబెట్టి "ప్రసంగించండి" అంటే మాట పెగలదు. కుర్చీలో కూర్చోబెట్టి, ఒకరు పక్కన కూర్చుని ప్రశ్నలు అడగాలి. ఆ ప్రశ్నలు వాళ్ళకు రెండు రోజుల ముందే చెప్పి ఉండాలి.

వక్తకు రాసే ఉత్తరం

వక్త ఒక్కరే ఉండాలి. ఇద్దరిని పిలిస్తే మొదటివారు రెండోవారి సమయం తినేస్తారు, ఇది దాదాపు ఖాయం.

ముందు ఫోన్ చేసి ఒప్పించండి. అదే రోజు ఉత్తరమో మెయిలో పంపండి. అందులో శీర్షిక, తేదీ, వేళ, చోటు, ఎన్ని నిమిషాలు, వినేవాళ్ళు ఎవరు, ప్రయాణం ఏ తరగతిలో, బస ఎక్కడ, పారితోషికం ఎంత అన్నవి ఉండాలి. పారితోషికం సంగతి మొహమాటపడి దాటెయ్యకండి. "చూసుకుంటాంలే సార్" అన్న మాట తర్వాత రెండు వైపులా ఇబ్బంది పెడుతుంది. ఇవ్వలేని పరిస్థితి అయితే అదీ చెప్పండి, దానికి ఒప్పుకుని వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. పాన్ నంబరు, బ్యాంకు వివరాలు అప్పుడే తెప్పించుకోండి. సభ అయ్యాక అడుగుతూ తిరగడం నామోషీ.

వినేవాళ్ళ గురించి రెండు వాక్యాలు తప్పకుండా రాయండి: "ఎం.ఏ. విద్యార్థులు సగం, రిటైరైన టీచర్లు, హైస్కూలు తెలుగు పండితులు, పద్యమంటే ఇష్టమున్న లాయర్లు, వ్యాపారులు మిగతా సగం." దీన్నిబట్టి వక్త ఎక్కడ ఆగి వివరించాలో చూసుకుంటారు. పద్యాల లెక్క కూడా చెప్పండి. శార్దూలమో మత్తేభమో రాగంతో చదివితే నిమిషం దాకా పడుతుంది, అర్థం చెప్పి ముచ్చటించడానికి ఇంకో నాలుగైదు నిమిషాలు. అంటే 50 నిమిషాల్లో ఎనిమిది పద్యాలకు మించవు. ఇరవై పద్యాలు తెచ్చుకున్న వక్త చివరి పది నిమిషాల్లో పన్నెండు పద్యాలు గబగబా అప్పజెబుతారు, ఆ కాస్తా ఎవరికీ అందదు.

వక్తకు తెలుగు రాకపోతే, వాక్యం వాక్యానికీ అనువాదం చెప్పించాల్సి వస్తే సమయం రెండింతలవుతుంది. ఆయన మాట 25 నిమిషాలే అని ముందే చెప్పండి. అనువదించేవారికి ప్రసంగ పాఠం రెండు రోజుల ముందు అందాలి. ఇంగ్లిష్ బాగా వచ్చినంత మాత్రాన వేదిక మీద అప్పటికప్పుడు చెప్పగలరని అనుకోవద్దు.

నెల్లూరు, ఒంగోలు రెండూ విజయవాడ, చెన్నై ప్రధాన రైలు మార్గం మీదే ఉన్నాయి కాబట్టి రావడం కష్టం కాదు. చాలా రైళ్ళు మాత్రం అర్ధరాత్రో తెల్లవారుజామునో దింపుతాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, రానూపోనూ టిక్కెట్లు మీరే తియ్యండి. స్టేషన్‌కు మనిషిని పంపండి. రైలు దిగినవారిని నేరుగా వేదికెక్కించకుండా కనీసం ఐదారు గంటల విశ్రాంతి ఉండేలా చూడండి.

తేదీ, చోటు

అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా పెట్టకండి. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే. ఒక్క వాయుగుండం వస్తే కలెక్టరు సెలవు ప్రకటిస్తారు, హాలు తాళం తీసేవాడు కూడా రాడు. నెల్లూరులో మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ. స్వర్ణాల చెరువు వైపు రోడ్లు కదలవు, లాడ్జీల్లో గది దొరకదు. ఆ పండగ ఏటా పది పన్నెండు రోజులు ముందుకు వస్తుంటుంది, కాబట్టి పోయినేడాది క్యాలెండరు చూసి తేదీ వెయ్యకండి. పెళ్ళి ముహూర్తాలు దట్టంగా ఉన్న రోజున రిటైరైన పెద్దలెవరూ రారు. శూన్యమాసం సభలకు మంచిది: హాళ్ళు ఖాళీ, జనమూ ఖాళీ.

చోటు దగ్గర అసలు చిక్కు ఉంది. విక్రమ సింహపురి క్యాంపస్ కాకుటూరులో, చెన్నై వైపు జాతీయ రహదారి పక్కన. పగలు విద్యార్థులుంటారు, ఊళ్ళోవాళ్ళు రాలేరు. సాయంత్రం ఊళ్ళోవాళ్ళకు తీరిక, కానీ క్యాంపస్ బస్సులు వెళ్ళిపోయి ఉంటాయి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి మధ్యాహ్నం రెండున్నరకు పెడితే ఇద్దరూ రారు. వక్తను ఎలాగూ ఇంత దూరం రప్పించారు కదా, రెండు పూటలు వాడుకోండి. మొదటిరోజు సాయంత్రం 6 గంటలకు ఊళ్ళో, పురమందిరం లాంటి అందరికీ తెలిసిన హాల్లో, బహిరంగ ప్రసంగం. మర్నాడు ఉదయం పదిన్నరకు క్యాంపస్‌లో విద్యార్థులతో అదే పాఠాన్ని కూర్చుని చదివే తరగతి, 25 మందికి మించకుండా. ఖర్చులో తేడా ఒక్క హాలు అద్దె, విద్యార్థుల్ని సాయంత్రం ఊళ్ళోకి తెచ్చే బస్సు. ఒంగోలులో ఈ చిక్కు కొంచెం తక్కువే అయినా రెండు పూటల పద్ధతి అక్కడా మంచిదే.

ఇంటర్నల్ పరీక్షల తేదీలు, ఎన్నికల కోడ్ కూడా చూసుకోండి. కోడ్ ఉన్నప్పుడు ప్రజాప్రతినిధి పేరు ఆహ్వాన పత్రికలో ఉంటే కార్యక్రమానికే ఎసరు.

ఫైలు

ఇది విసుగు పని, త్వరగా చెప్పేస్తాను. శాఖాధ్యక్షులు నోటు పెట్టాలి. విషయం, వక్త, తేదీ, అంచనా ఖర్చు పద్దులవారీగా రాసి, ఏ గ్రాంటు నుంచో చెప్పాలి. రిజిస్ట్రార్ ప్రొసీడింగ్స్ చేతికి వచ్చాకే ఫ్లెక్సీకి ఆర్డరివ్వండి. అనుమతి కంటే ముందు తేదీ వేసిన బిల్లు ఆడిట్‌లో ఆగుతుంది. భోజనాలు, హాలు, ప్రింటింగ్‌కు కొటేషన్లు తీసుకోండి. చిల్లర ఖర్చులకు ఒకరి పేరు మీదే అడ్వాన్సు తియ్యండి. ఇద్దరి చేతుల్లో డబ్బుంటే లెక్క ఎప్పటికీ కుదరదు.

పద్యాల కాగితం

మిగతావన్నీ ఎలా ఉన్నా, దీన్ని మాత్రం బాగా చెయ్యండి. చేతిలో పాఠం ఉన్న శ్రోత వక్త వెనకబడిపోడు. ఒక పద్యం అందకపోయినా తర్వాతి పద్యం దగ్గర మళ్ళీ కలుసుకుంటాడు. చేతిలో ఏమీ లేనివాడు ఫోను తీస్తాడు.

ఏ4 కాగితం, రెండు వైపులా ముద్రణ. నన్నయ, ఎఱ్ఱన పద్యాలనే తీసుకుంటే, ఒక వైపు ఎడమ సగంలో నన్నయ పద్యం, కుడి సగంలో ఎఱ్ఱన పద్యం, పక్కపక్కనే. నాలుగు పాదాలూ నాలుగు వరసలుగా రావాలి, పాదం మధ్యలో విరిగి కింది వరసలోకి జారకూడదు. కాగితాన్ని అడ్డంగా పెట్టి ముద్రిస్తే ఈ బాధ తగ్గుతుంది. పద్యం 14 పాయింట్లు, కింద 12 పాయింట్లలో పదవిభాగం, కష్టమైన మాటలకు అర్థాలు. పూర్తి తాత్పర్యం వెయ్యకండి. వేస్తే జనం తాత్పర్యం చదువుకుని పద్యాన్ని వదిలేస్తారు, వక్తకు చెప్పడానికీ ఏం మిగలదు. రెండో వైపు సందర్భం నాలుగు వాక్యాల్లో, మిగతా పద్యాలు, కింద మూడంగుళాల ఖాళీ రాసుకోవడానికి. పాఠం ఏ పరిష్కరణ నుంచి తీసుకున్నారో చివరి వరసలో పెట్టండి. పాఠాంతరం తెలిసిన పెద్దాయన ఒకరు సభలో ఉండనే ఉంటారు.

తప్పులు ఎక్కువగా డీటీపీ దగ్గర పుడతాయి. మీరు యూనికోడ్‌లో టైపు చేసి పంపుతారు, షాపులో పాత అను ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పులో అరసున్నలు ఎగిరిపోతాయి, ఱ కాస్తా ర అవుతుంది, మూడక్షరాల సంయుక్తం విడిపోయి వత్తు పక్కన పడుతుంది. అరసున్న పోయిన పద్యాన్ని పండితులు చూసి ఊరుకోరు. కాబట్టి కాగితాన్ని మీ కంప్యూటర్లోనే పూర్తిగా తయారుచేసి పీడీఎఫ్ చేసి, "దీన్నే ముద్రించండి, టైపు ముట్టుకోవద్దు" అని చెప్పండి. ఫ్లెక్సీకి కూడా ఇదే దారి. ముద్రణకు ముందు ఒక ప్రతి తీసి, ఒకరు పుస్తకంలోంచి పైకి చదువుతుంటే ఇంకొకరు కాగితం మీద వేలుపెట్టి చూడాలి. కళ్ళతో మాత్రమే దిద్దితే మనకు తెలిసిన పద్యంలో తప్పు మనకు కనపడదు.

150 మంది వస్తారనుకుంటే 200 ప్రతులు తియ్యండి. ద్వారం దగ్గర ఒకరు నిలబడి చేతికివ్వాలి. బల్లమీద పెట్టి "తీసుకోండి" అంటే సగంమంది తీసుకోరు.

సభా క్రమం

వేదిక మీద మూడు కుర్చీలు: అధ్యక్షులు, వక్త, పద్యం చదివే విద్యార్థి. విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి పదవులు సృష్టించకండి. గౌరవించవలసిన పెద్దలకు ముందు వరసలో పేరు అంటించిన కుర్చీలు వేసి, స్వాగతంలో పేరుపేరునా చెప్పండి. ఫ్లెక్సీ మీద శీర్షిక, వక్త పేరు, తేదీ, చోటు, శాఖ పేరు, అంతే. ఫొటోలు లేకపోతే ఎవరి ఫొటో చిన్నదైందన్న తగువూ లేదు.

వైస్ ఛాన్సలర్ వస్తామంటే సంతోషం. ప్రొటోకాల్ ప్రకారం ఆహ్వాన పత్రికలో పేరు పైన ఉండాలి. మొదటి మూడు నిమిషాలు ఆయనకిచ్చి, "వేరే పనులుంటే సార్ మధ్యలో వెళ్ళవచ్చు" అని ముందే వారి పేషీతో మాట్లాడుకోండి. ఆయన వచ్చేదాకా సభ ఆపకండి. ఆలస్యమైతే ప్రశ్నల వేళకు ముందు మాట్లాడించండి.

5:30కి టీ. 5:50కి జ్యోతి ప్రజ్వలన, జనం సర్దుకుంటుండగానే. సరిగ్గా 6:00కి స్వాగతం, వక్త పరిచయం కలిపి ఐదు నిమిషాలు. పరిచయంలో డిగ్రీలు, పురస్కారాలు చదవొద్దు, ఈ విషయం మీద ఆయన చేసిన పని ఏమిటో రెండు వాక్యాలు చాలు. తర్వాత విద్యార్థి కాగితంలోని మొదటి పద్యం రెండుసార్లు చదవాలి, ఒకసారి రాగంతో, ఒకసారి పదాలు విరిచి. 6:10 నుంచి 7:00 దాకా ప్రసంగం. 45వ నిమిషంలో ముందు వరసలో కూర్చున్నవారు "5" అని పెద్దగా రాసిన అట్ట చూపించాలి. దీన్ని వక్తకు ముందే చెప్పండి, అప్పుడు నొచ్చుకోరు. వేదిక మీదికి చీటీ పంపడం, చొక్కా లాగడం పనికిరావు.

శాలువా, జ్ఞాపిక చివరనే. మొదట్లో కప్పితే ఒక్కొక్కరే లేచి తమ శాలువా కూడా తెస్తారు, ఇరవై నిమిషాలు హారతి కర్పూరం. జ్ఞాపిక బదులు మంచి పుస్తకం ఇవ్వండి. రైల్లో మోసుకుపోయేవాడికి గాజు జ్ఞాపిక బరువు తెలుస్తుంది.

మైకు, కరెంటు

పోడియం మైకు ఒకటి, ప్రశ్నలకు కార్డ్‌లెస్ మైకులు రెండు. మైకు కూతపెట్టడానికి కారణం చాలాసార్లు సౌండు బాక్సులు పోడియానికి వెనకో పక్కనో ఉండటమే. బాక్సుల్లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి వెళ్ళి తిరుగుతుంది. బాక్సులను పోడియం కంటే ముందుకు జరిపి జనం వైపు తిప్పితే కూత ఆగుతుంది. ఖాళీ హాల్లో పరీక్షించి వదిలెయ్యకండి, జనం నిండాక శబ్దం తగ్గి వినిపిస్తుంది. వెనక వరసలో ఒకరిని కూర్చోబెట్టి చెయ్యెత్తమనండి. కార్డ్‌లెస్ మైకుల్లో కొత్త బ్యాటరీలు మీరే వెయ్యండి, అద్దెకిచ్చేవాడి మాట నమ్మొద్దు.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల మిక్సర్, ప్రొజెక్టర్ ఆగిపోతాయి. ప్రొజెక్టర్ మళ్ళీ వెలగడానికి ఇంకో రెండు నిమిషాలు. ఆ రెండింటికీ యూపీఎస్ పెట్టించండి. రికార్డింగు మిక్సర్ నుంచి నేరుగా తీగ పెట్టి తియ్యండి. హాలు వెనక నుంచి ఫోనుతో తీస్తే ఫ్యాన్ల హోరే వస్తుంది. ఆరుబయట షామియానా కింద పెట్టేటట్టయితే మైకుకు పోలీసు అనుమతి కావాలి, రాత్రి 10 దాటకూడదు.

జనాన్ని పిలవడం

వాట్సాప్‌లో పోస్టరు పెడితే చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి, మనుషులు రారు. మనుషుల్ని మనుషులే పిలవాలి. రెండు వారాల ముందు విద్యార్థులు జంటలుగా హైస్కూళ్ళకు వెళ్ళి తెలుగు పండితుల్ని కలిసి ఆహ్వాన పత్రిక చేతికివ్వాలి. గ్రంథాలయం బోర్డు, వాకింగ్ చేసే పెద్దల గుంపులు, ఊళ్ళోని సాహితీ సంస్థల కార్యదర్శులు, నెల్లూరులోని ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం పరిశోధకులు, వీళ్ళను విడివిడిగా పిలవండి. విలేకరులకు ముందురోజే పది వాక్యాల నోటు ఇవ్వండి, వక్త పేరు, ఊరు, శీర్షిక తప్పుల్లేకుండా. జిల్లా పేజీలో "నేడు" శీర్షిక కింద రెండు లైన్లు పడితే చాలు. సభ తర్వాతి ఫొటో కంటే దానివల్లే జనం వస్తారు.

అటెండెన్స్ కోసం వేరే శాఖల విద్యార్థుల్ని తోలుకొచ్చి హాలు నింపకండి. ఆసక్తి లేని వందమంది గుసగుసలు, వినడానికొచ్చిన యాభైమందికి అడ్డం. 150 కుర్చీల హాల్లో మొదట 100 వేసి, మిగతావి గోడవారన పేర్చి ఉంచండి, వచ్చేకొద్దీ వెయ్యవచ్చు.

ప్రశ్నలు

"ప్రశ్నలేమైనా ఉంటే అడగండి" అంటే ముందు లేచేది ప్రశ్న అడిగేవారు కాదు, రెండో ప్రసంగం చేసేవారు. మైకు వారి చేతికివ్వకండి. విద్యార్థి మైకు పట్టుకుని నిలబడాలి, అడిగినవారు అందులో మాట్లాడాలి. అధ్యక్షులు ముందే "ఒక్కొక్కరికి ఒక్క నిమిషం, కాగితంలోని పద్యాల మీదే" అని చెప్పాలి. మొదటి ప్రశ్న విద్యార్థినితో అడిగించండి, ముందే సిద్ధం చేసి. ఆ తర్వాత మిగతా పిల్లలకు ధైర్యం వస్తుంది. కొంతమంది లేచి అడగలేరు, వాళ్ళకోసం చీటీలు, పెన్నులు తిప్పండి. మూడు చీటీలు కలిపి ఒకేసారి వక్తకు ఇస్తే సమయం కలిసొస్తుంది. 7:25కి వందన సమర్పణ, 7:30కి ముగింపు. సిటీ బస్సు పట్టుకోవలసినవాళ్ళు అప్పటికే గడియారం చూస్తుంటారు.

మర్నాడు, ఆ తర్వాత

రికార్డింగు ఆ రాత్రే రెండు చోట్ల కాపీ చేసి, ఫైలుకు తేదీ, వక్త పేరు, శీర్షిక పెట్టండి. యూట్యూబ్‌లో పెట్టడానికి వక్త ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోండి. అచ్చువేసే ఉద్దేశం ఉంటే దానికి వేరే అనుమతి. ప్రసంగాన్ని మాట మాటా రాయించే పని ఇద్దరు ఎం.ఏ. విద్యార్థులకు పది రోజుల్లో అప్పగించండి. గంట రికార్డింగుకు ఆరేడు గంటలు పడుతుంది, పద్యాలున్న చోట ఇంకా ఎక్కువ. రాసినదాన్ని వక్తకు పంపి దిద్దించాకే బయటికి ఇవ్వండి.

బిల్లులు వారంలో పెట్టెయ్యండి. రైలు టిక్కెట్లు, హాలు రసీదు, వక్త సంతకం చేసిన ఓచరు, హాజరు పట్టిక, ఆహ్వాన పత్రిక ఒకటి, ఫొటోలు నాలుగు ఒకే ఫైల్లో పెట్టి, జిరాక్సు సెట్టు శాఖలో ఉంచండి. కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే నాక్ వాళ్ళు వచ్చినప్పుడు అడిగేవీ ఇవే. పారితోషికం వక్త ఖాతాలో పడిన రోజు ఫోన్ చేసి చెప్పండి. మిగిలిన పద్యాల కాగితాలు ఆ హైస్కూలు పండితులకే పంపించండి, తరగతిలో వాడుకుంటారు.